తోక ముందుకొచ్చిన కారు

మొన్న మా పదోతరగతి కుర్రవాడొకడు బడి వదిలాక నా దగ్గరికి వచ్చి ఒక సందేహం అడిగాడు. వాళ్ళ అన్నయ్య ఫోనులో ఒక వీడియో చూశాడట. అమెరికాలో ఎక్కడో కార్ల ప్రదర్శన ముగిసింది. రోడ్డుకు ఇరుపక్కలా జనం నిలబడి ఉన్నారు. ఒక యువకుడు తన స్పోర్ట్స్ కారులో బయటికి వచ్చి, అందరి ముందూ కాస్త దర్జా చూపిద్దామని యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. కారు ముందుకు దూకింది. మరుక్షణమే దాని వెనక భాగం పక్కకు జారింది. కారు బొంగరంలా గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి, రోడ్డు పక్కనున్న స్తంభానికి కొట్టుకుంది.

"స్టీరింగు ఆయన చేతిలోనే ఉంది కదా మాస్టారూ! మరి కారు ఆయన మాట ఎందుకు వినలేదు?" అని మావాడి ప్రశ్న.

"నడపడం చేతకాక" అని చెప్పి తప్పించుకోవచ్చు. కాని అది జవాబు కాదు. ఆ యువకుడు అంతకు ముందు మామూలు కారును ఏళ్ళ తరబడి చక్కగా నడిపి ఉండవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మామూలు కారులో నేర్చుకున్న అలవాటే ఇలాంటి కారులో మనిషిని ముంచుతుంది. అదెలాగో చూద్దాం రండి. ఇందుకు మీ పాఠ్యపుస్తకంలోని జడత్వం, ఘర్షణ, పైథాగరస్ సిద్ధాంతం చాలు. వేరే సరంజామా అక్కర్లేదు.

నాలుగు అరచేతులంత చోటు

కారు బరువు సుమారు వెయ్యి కిలోలు దాటుతుంది. అంత బరువూ నేలను తాకేది నాలుగే నాలుగు చోట్ల. ఒక్కొక్క టైరు రోడ్డుకు ఆనుకునే చోటు ఇంచుమించు మీ అరచేయంత ఉంటుంది. కారు కదలాలన్నా, ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా కావలసిన బలమంతా ఆ నాలుగు అరచేతుల చోటు నుంచే రావాలి. ఇంజను ఎంత గొప్పదైనా సరే, రోడ్డు పట్టు ఇవ్వకపోతే అది చేయగలిగిందేమీ లేదు. నూనె ఒలికిన గచ్చు మీద పహిల్వాను కూడా నిలదొక్కుకోలేడు కదా!

మలుపు సంగతి ఆలోచించండి. జడత్వం వల్ల కదిలే వస్తువు తిన్నగానే పోవాలని చూస్తుంది. దాన్ని వంపు తిప్పాలంటే వంపు కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావాలి. దీన్నే అభికేంద్ర బలం అంటాం. తాడుకు రాయి కట్టి తిప్పినప్పుడు ఆ బలాన్ని తాడు ఇస్తుంది. కారుకు తాడు లేదు. టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణే దానికి తాడు. అవసరమైన బలం ఘర్షణ ఇవ్వగల బలాన్ని మించితే తాడు తెగినట్టే.

చిన్న లెక్క వేద్దాం. మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకోండి. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకోండి. ఈ మూడింటినీ గుణిస్తే 400 వస్తుంది. దాని వర్గమూలం 20. అంటే సెకనుకు 20 మీటర్లు, గంటకు 72 కిలోమీటర్లు. ఆ మలుపులో కారు పోగల గరిష్ఠ వేగం అదే. ఈ లెక్కలో కారు ద్రవ్యరాశి ఎక్కడా రాలేదు, గమనించారా? బలం కావలసిందీ ద్రవ్యరాశిని బట్టే, ఘర్షణ ఇచ్చేదీ ద్రవ్యరాశిని బట్టే. కనక రెండు పక్కలా కొట్టుకుపోయింది.

ఇప్పుడు వాన పడిందనుకోండి. గుణకం 0.4కు దిగితే, గరిష్ఠ వేగం గంటకు సుమారు 51 కిలోమీటర్లు మాత్రమే. అదే మలుపులో నిన్న 65లో హాయిగా వెళ్ళినవాడు ఇవాళ అదే 65లో వెళితే పొలంలోకి పోతాడు.

ఒకే జేబు, రెండు ఖర్చులు

ఇవాళ మన వీధుల్లో కనిపించే చిన్న కార్లలో చాలావాటికి ఇంజను శక్తి ముందు చక్రాలకు వెళుతుంది. ముందు చక్రాలు లాగుతుంటే వెనక చక్రాలు వెంట దొర్లుతూ వస్తాయి. స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి శక్తి వెనక చక్రాలకు వెళుతుంది. అవి వెనక నుంచి నెడతాయి.

ఇలా ఎందుకు చేశారంటే దానికీ కారణం ఉంది. బస్సు ఒక్కసారిగా బయల్దేరితే మీరు వెనక్కి తూలుతారు గదా. కారు వేగం పుంజుకునేటప్పుడు దాని భారం కూడా అలాగే వెనక చక్రాల మీదికి మొగ్గుతుంది. భారం పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. కనక నెట్టే పని వెనక చక్రాలకు అప్పగించడం తెలివైన పనే. ముందు చక్రాలకు దారి మళ్ళించే పని ఒక్కటే మిగులుతుంది. నేర్పున్న చోదకుడికి ఇది వరం.

మరి నేర్పు లేనివాడికి? మలుపులో ఉన్న కారు వెనక టైర్లను చూడండి. వాటికి రెండు పనులు. ఒకటి, కారును ముందుకు నెట్టడం. రెండు, వెనక భాగం బయటికి జారకుండా పక్కకు పట్టి ఉంచడం. రెండింటికీ ఖర్చు పెట్టాల్సింది ఒకే జేబులోని ఘర్షణ.

అయితే ఇది మామూలు కూడికల లెక్క కాదు. ముందుకు నెట్టే బలమూ, పక్కకు పట్టే బలమూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. కనక ఇక్కడ నడిచేది పైథాగరస్ లెక్క. రెండు వెనక టైర్లూ కలిసి మొత్తం 5000 న్యూటన్ల బలం ఇవ్వగలవనుకోండి. మలుపులో పట్టి ఉంచడానికి 4000 న్యూటన్లు ఖర్చవుతున్నాయి. అప్పుడు నెట్టడానికి మిగిలేది 3000. ఎందుకంటే 3, 4, 5 భుజాలున్న త్రిభుజం మీకు తెలిసిందే. ఇంజనీర్లు దీన్ని బొమ్మగా గీసి 'ఘర్షణ వృత్తం' అంటారు. వృత్తం దాటి ఎవరూ ఖర్చు పెట్టలేరు.

ఇప్పుడు మన కుర్రవాడు యాక్సిలరేటరు తొక్కి 4000 న్యూటన్లు నెట్టమన్నాడు. టైరు నెట్టింది. కాని పక్కకు పట్టడానికి ఇక 3000 మాత్రమే మిగిలింది. కావలసింది 4000. లోటు 1000. ఆ లోటు మేరకు వెనక భాగం మలుపు బయటికి జారిపోతుంది. ముందు భాగం మలుపు లోపలికి తిరుగుతుంది. దీన్నే ఓవర్‌స్టీరు అంటారు. కారు మనం అడిగినదానికన్నా ఎక్కువ తిరిగిందన్నమాట.

ముందు చక్రాలతో లాగే కారులో ఇదే లోటు ముందు టైర్లకు వస్తుంది. అప్పుడు కారు చాలినంత తిరగక మలుపు బయటి అంచుకు పోతుంది. చోదకుడు భయపడి యాక్సిలరేటరు మీది కాలు తీస్తాడు. నెట్టే ఖర్చు తగ్గుతుంది, భారం ముందుకు వస్తుంది, ముందు టైర్లకు మళ్ళీ పట్టు దొరుకుతుంది, కారు దారిలోకి వస్తుంది. అతను ఏమీ తెలియకుండానే సరైన పని చేశాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

బొమ్మకారుతో ప్రయోగం

వెనక టైర్లు పట్టు తప్పితే కారు తిరిగిపోవడమెందుకు? అలాగే తిన్నగా జారవచ్చు గదా? దీన్ని మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు.

నాలుగు చక్రాలూ తేలిగ్గా తిరిగే బొమ్మకారు ఒకటి, మీటరు పైన పొడవున్న నున్నటి చెక్క ఒకటి తీసుకోండి. చెక్కను ఒక పక్క ఎత్తి ఏటవాలుగా పెట్టండి. కాగితం మడిచి ముందు చక్రాల సందుల్లో దూర్చి అవి తిరగకుండా చేయండి. కారు మొహం కిందికి ఉండేలా పైనుంచి వదలండి. చక్రాలు జారేటంత వాలు ఉండాలి సుమా. కారు తిన్నగా జారి కిందికి వస్తుంది.

ఇప్పుడు ఆ కాగితాలు తీసి వెనక చక్రాలకు పెట్టండి. మళ్ళీ వదలండి. ఈసారి కారు కొంతదూరం జారి, తోక పక్కకు తిప్పి, చివరికి వెనక భాగం ముందుగా కిందికి చేరుతుంది. పదిసార్లు చేసి, ఎన్నిసార్లు తిరిగిందో రాసుకోండి.

కారణం ఇది. దొర్లే చక్రం ముందుకు సులభంగా పోతుంది గాని పక్కకు కదలమంటే మొరాయిస్తుంది. జారే చక్రానికి ఆ పట్టింపు లేదు. దానికి ముందూ పక్కా ఒకటే. వెనక చక్రాలు జారుతూ ముందు చక్రాలు దొర్లుతున్నప్పుడు కారు కాస్త వంకర తిరిగిందనుకోండి. ముందు చక్రాలు పక్కకు పోకుండా ఎదురు తన్నుతాయి. వెనక చక్రాలు ఎదురు చెప్పవు. దాంతో ఆ కాస్త వంకర ఇంకా పెరుగుతుంది. దొర్లే చక్రాలు వెనక ఉంటే ఇదే ఎదురు తన్ను వంకరను సరిచేస్తుంది. బాణానికి ఈకలు వెనక కట్టడంలో రహస్యం కూడా ఇటువంటిదే. ఈకలు ముందు కట్టి వదిలితే బాణం తల్లకిందులవుతుంది.

బొమ్మకారులో వెనక చక్రాలు బిగుసుకుపోయి జారాయి. వీడియోలోని కారులో ఇంజను బలానికి గిర్రున తిరుగుతూ జారాయి. జారడం జారడమే, ఫలితం ఒక్కటే. పైగా రోడ్డు తిన్నగా ఉన్నా ముప్పు తప్పదు. వాననీరు పోవడానికి రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు. పట్టు తప్పిన తోక పల్లం వైపు జారుతుంది. బయల్దేరిన కొత్తలో టైర్లు చల్లగా ఉండి పట్టు ఇంకా తక్కువ ఇస్తాయి. నేటి స్పోర్ట్స్ కార్లలో 400 గుర్రాల బలం మించినవి చాలానే ఉన్నాయి. రెండు అరచేతుల చోటుకు అంత బలం ఒక్కసారిగా వదిలితే ఏమవుతుందో ఊహించండి.

కాలు తీస్తే మరీ ముప్పు

సరే, తోక జారింది. మన కుర్రవాడు ఏం చేస్తాడు? మామూలు కారులో చేసిన పనే చేస్తాడు. గభాలున కాలు తీసేస్తాడు, లేదా బ్రేకు తొక్కుతాడు.

బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. కారు భారం కూడా అలాగే ముందుకు తూలుతుంది. ఎంత తూలుతుందో లెక్క కట్టవచ్చు. కారు ద్రవ్యరాశి 1200 కిలోలు, వేగం తగ్గే రేటు సెకనుకు సెకనుకు 3 మీటర్లు, గరిమనాభి ఎత్తు అర మీటరు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.25 మీటర్లు అనుకోండి. మొదటి మూడింటినీ గుణించి చివరిదానితో భాగించండి. 800 న్యూటన్లు వస్తుంది. ఇది 80 కిలోల బరువుతో సమానం. వెనక ఇరుసు మీద కూర్చున్న మనిషి ఒకడు మలుపు మధ్యలో లేచి వెళ్ళి ముందు ఇరుసు మీద కూర్చున్నట్టన్నమాట! వెనక టైర్లకు పట్టు అత్యవసరమైన సమయంలోనే వాటి మీది భారం తగ్గింది, దాంతోపాటు ఘర్షణా తగ్గింది. ముందు టైర్లకేమో పట్టు పెరిగింది. అవి ముందు భాగాన్ని ఇంకా లోపలికి లాగుతాయి. జారుతున్న తోక విసురుగా తిరుగుతుంది.

ముందు చక్రాల కారులో రక్షించిన అలవాటు ఇక్కడ శత్రువైంది. అందుకే పది సంవత్సరాలు మామూలు కారు నడిపినవాడు కూడా ఇలాంటి కారులో మొదటిరోజు కొత్తవాడే.

పోర్షె కంపెనీ నేర్చుకున్న పాఠం

ఈ సూత్రాలన్నీ ఒకేచోట చూడాలంటే జర్మనీ దేశపు పోర్షె 911 కారు కథ వినాలి. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దీన్ని మొదటిసారి చూపారు. శక్తి వెనక చక్రాలకు వెళ్ళడమే కాదు, దీని ఇంజను కూడా వెనక ఇరుసుకు ఇంకా వెనకాలే ఉంటుంది. కారు బరువులో ఇంచుమించు అయిదింట మూడు వంతులు వెనకే.

ఎడ్లబండి తోలేవారిని అడగండి, బస్తాలన్నీ వెనక వేస్తే ఏమవుతుందో చెబుతారు. కాడి పైకి లేస్తుంది. ఈ కారులోనూ ముందు భాగం తేలిక. మలుపులో మొదట ముందు టైర్లే కాస్త జారి, కారు బయటికి పోతున్నట్టు అనిపిస్తుంది. కొత్తవాడు బెదిరి కాలు తీస్తాడు. భారం ముందుకు దూకుతుంది, ముందు భాగం చటుక్కున లోపలికి తిరుగుతుంది, బరువైన వెనక భాగం బయటికి ఊగుతుంది. ఒక కర్రకు చివర ఇటుక కట్టి ఊపి చూడండి. ఒకసారి ఊగడం మొదలయ్యాక దాన్ని ఆపడం ఎంత కష్టమో మీ మణికట్టుకే తెలుస్తుంది.

కంపెనీ ఇంజనీర్లు ఈ సంగతి గ్రహించారు. మొదట్లో కొన్ని కార్లకు ముందు బంపరు రెండు మూలలా 11 కిలోల చొప్పున బరువులు బిగించారు. తరవాత 1969 నమూనాలో ఇరుసుల మధ్య దూరాన్ని 2211 నుంచి 2268 మిల్లీమీటర్లకు పెంచారు. 57 మిల్లీమీటర్లంటే మూడు వేళ్ళ వెడల్పు. అంతమాత్రానికే కారు నడక మెరుగుపడింది.

1975లో 911 టర్బో వచ్చింది. కంపెనీ లోపల దాని సంఖ్య 930. మూడు లీటర్ల ఇంజను, 260 గుర్రాల బలం. ఇంజను నుంచి వెలువడే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరిగి, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఎక్కిస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ మండించవచ్చు. ఉపాయం మంచిదే. కాని ఆనాటి టర్బోకు ఒక లోపం ఉండేది. యాక్సిలరేటరు తొక్కిన వెంటనే ఏమీ జరగదు. పొగ పెరిగి, చక్రం వేగం పుంజుకునేదాకా ఆగాలి. మలుపులో ఉన్న చోదకుడు "చాల్లేదు కాబోలు" అని ఇంకా తొక్కుతాడు. అంతలో బలమంతా ఒక్కుమ్మడిగా వెనక చక్రాల మీద పడుతుంది. తోక కదులుతుంది. భయంతో కాలు తీస్తే, పైన చెప్పుకున్న రెండో ఉచ్చు సిద్ధంగా ఉంటుంది. దీనికి జనం 'విడోమేకర్' అని పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే తాళి తెంచే బండి. 1995లో వచ్చిన 911 టర్బోకు శక్తిని నాలుగు చక్రాలకూ పంచారు. ఇంజను మాత్రం ఇప్పటికీ వెనకే ఉంది.

చేతులు చేయవలసిన పని

తోక జారినప్పుడు చేతులు ఏం చేయాలి? ఎడమ మలుపులో తోక కుడివైపు జారిందనుకోండి. ముందు చక్రాలను కుడివైపే తిప్పాలి. తోక ఎటు జారితే అటు. అదీ తక్షణం, కావలసినంతే. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను తడబడితే కారు 20 మీటర్లు పోయి ఉంటుంది. కొత్తవాడు ఆలస్యంగా మేలుకుని, కంగారులో ఎక్కువ తిప్పుతాడు. ఇంతలో వెనక టైర్లకు పట్టు దొరికితే, ముందు చక్రాలు ఇంకా కుడివైపే ఉంటాయి కనక కారు కుడివైపు విసురుగా దూకుతుంది. తోక ఈసారి ఎడమకు కొడుతుంది. మొదటి జారుడు తప్పించుకున్నవారు ఈ రెండో విసురుకు బలైపోతుంటారు.

దీనికి విజ్ఞానశాస్త్రం ఒక సాయం చేసింది. 1995లో బాష్, మెర్సిడెస్ బెంజ్ కంపెనీలు కలిసి ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణను కార్లలోకి తెచ్చాయి. స్టీరింగు ఎంత తిరిగిందో ఒక పరికరం చూస్తుంది. కారు నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకొకటి చూస్తుంది. రెండూ పొసగకపోతే కంప్యూటరు ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. పై ఉదాహరణలో అది కుడివైపు ముందు చక్రానికి బ్రేకు వేసి, కారును వెనక్కి మళ్ళించే భ్రామకాన్ని పుట్టిస్తుంది. అమెరికాలో 2012 నమూనాల నుంచి, ఐరోపా సమాఖ్యలో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. కొందరు దర్జా కోసం మీట నొక్కి దీన్ని ఆపేస్తారు. అలా ఆపేసిన కారులో కంప్యూటరు సాయం ఉండదు, చోదకుడి చేతులే దిక్కు. అయితే ఈ పరికరం కూడా ఉన్న ఘర్షణను తెలివిగా వాడుతుందే గాని లేని ఘర్షణను పుట్టించలేదు.

మనకెందుకీ గొడవ?

"మేము స్పోర్ట్స్ కార్లు కొంటామా ఏమిటి మాస్టారూ?" అంటారేమో. మోటారుసైకిలూ స్కూటరూ ఏ చక్రంతో నడుస్తాయో చూడండి. వెనక చక్రంతోనే! 1994లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను స్కూటరు మీద మలుపు తిరుగుతూ రోడ్డు మీద ఇసుక చూసి వెనక బ్రేకు బలంగా తొక్కాను. వెనక చక్రం బిగుసుకుంది. బొమ్మకారు చేసిందే నా స్కూటరూ చేసింది. అప్పటికే ఘర్షణ గురించి మూడు తరగతులకు పాఠం చెప్పి ఉన్నాను. మోచేతి మీది మచ్చ ఇంకా పోలేదు.

మీలో చాలామంది మూడు నాలుగేళ్ళలో లైసెన్సు తీసుకుంటారు. రెండు మాటలు గుర్తుంచుకోండి. వేగం తగ్గించవలసింది మలుపుకు ముందు, తిన్నగా ఉన్న రోడ్డు మీద, మలుపులోకి వెళ్ళాక కాదు. మలుపులో ఏ పని చేసినా, తొక్కడమైనా తీయడమైనా, మెల్లగా చేయాలి.

ఇక మావాడి ప్రశ్న. కారు ఆయన మాట ఎందుకు వినలేదు? విన్నదని చెప్పాను. ఆయన కాలు చెప్పిన మాట విన్నది. ఘర్షణంతా దానికే ఖర్చయిపోయింది. చేతులు చెప్పిన మాట వినడానికి ఏమీ మిగల్లేదు. మావాడు కాసేపు ఆలోచించి, తమ్ముడి బొమ్మకారు అడిగి తీసుకోవాలంటూ వెళ్ళిపోయాడు.

మీకూ ఒక లెక్క ఇస్తున్నాను. మీ ఊరి దగ్గర 20 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు ఒకటి ఉంది. వాన పడింది. ఘర్షణ గుణకం 0.4. ఎంత వేగం దాటితే బండి జారుతుంది? గంటకు 32 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తే మీ లెక్క సరి. ఆ మలుపులో పెద్దవాళ్ళు ఎంత వేగంతో పోతున్నారో ఈసారి వాన పడ్డప్పుడు బస్సు కిటికీలోంచి గమనించండి.